ఆ నవ్వు నాది కాదు

ఆ పొద్దు గంగమ్మ వేడి జొన్న రొట్టె, ఊరిబిండి పచ్చడి పెట్టింది. తుంచి నోటికాడికి తీసుకపోతే నోరు తెరుచుకోలేదు. వేలు దూరే సందు వచ్చింది, అంతే. దవడ రెండు పక్కలా ఎవరో తాడేసి బిగించినట్టు ఉండింది.

"ఏం మామా, రొట్టె మీద అలిగినావా?" అనింది గంగమ్మ. ఆమె నా భార్య. మా అక్క కూతురే. చిన్నప్పటి నుంచి నన్ను ఎగతాళి చేసే అలవాటు.

"పంటినొప్పేమో" అన్నాను. రొట్టెను మజ్జిగలో పిసుక్కొని తాగినాను. పొద్దు నెత్తికొచ్చేసరికి మెడ కూడా తిరగలేదు. అప్పటికీ జబ్బని తోచలేదు. చలికి పట్టేసిందనుకున్నాను. ఎండలు పోయి తొలి వానలు పడే రోజుల్లో చలి యాడిది అని ఆలోచించే బుద్ధి లేకపోయింది.

ఇది యుద్ధానికి ముందు మాట. ముప్పై ఏడో, ఎనిమిదో. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి సంవత్సరం రాసిపెట్టుకోలేదు. యాభై దాటినాక, ఎమ్మిగనూరులో మగ్గం పనివాళ్ల కోసం పెట్టిన బడిలో వెనక కూచుని నేర్చుకున్నాను. రాత వంకరగా ఉంటే మీరే సరిచేసుకొని చదవండి. చెప్పేదాంట్లో వంకర లేదు.

జబ్బు కంటే ముందు గుర్రాల సంగతి చెప్పాల. లేకుంటే జబ్బు ఎట్లా వచ్చిందో మీకు తెలీదు.

నేను ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి శెట్టి కాడ గుర్రపు బండి తోలేవాణ్ణి. ఆయన మోటారు కారు కొన్నాడు. కొన్న మర్నాడే, బండి లాగే తెల్ల గుర్రం గౌరిని చూపించి, "నాగప్పా, దీన్ని యాడన్నా వదిలేసి రా. కొట్టంలో కారు పెట్టాల" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చక్రం మాదిరి, పగ్గం మాదిరి గౌరి కూడా ఆయనకు బండిలో ఒక సామాను, అంతే. నేను గౌరిని పట్టుకొని నడుచుకుంటా ఎమ్మిగనూరు పోయినాను. ఆడ మా అన్న బసప్ప, మేము కలిసే ఉండేవాళ్లం. ఊరి బయట మెట్ట చేను, చేనులో ఇల్లు, పక్కనే కొట్టం.

"మనుషులకే గింజలు సాలకుంటే దీన్ని తోలుకొచ్చినావా?" అని మా అన్న గొణిగినాడు. గొణుగుతానే చొప్ప తెచ్చి వేసినాడు. మా అన్న తీరు అంతే.

ఆ సంగతి జట్కావాళ్లకు తెలిసింది. బస్సులొచ్చి జట్కాలు పడిపోతాండే కాలం అది. ముసలిదైన గుర్రాన్నీ, కుంటిదాన్నీ తీసుకపోయి ఊరి బయట విడిచేవాళ్లు. అది తిరిగి తిరిగి మళ్లీ జట్కాలు నిలిచే తావుకే వచ్చి తన చోట్లో నిలబడేది. రాళ్లేసి తరిమేవాళ్లు. తరమడానికి చెయ్యి రానివాళ్లు నా కాడికి తెచ్చి, "దీన్ని కూడా కట్టేసుకో నాగన్నా" అని మొహం తిప్పుకొని పోయేవాళ్లు. కరియ అట్లా వచ్చిందే. నల్ల గుర్రం. రెండు కండ్లూ పోయినాయి. మా పక్క కన్నడం మాట్లాడేవాళ్లు నల్లదాన్ని కరియ అంటారు, ఆ పేరే పెట్టినాం.

కరియ గౌరిని విడిచి ఉండేది కాదు. గౌరి మెడలో ఇత్తడి గంట ఉండేది, శెట్టి బండి నాటిది. ఆ గంట యాడ మోగితే కరియ ఆడికి పోతాది. మేతకైనా, నీళ్లకైనా, నీడకైనా, దానికి ఆ గంటే కండ్లు.

మేతకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. మా చేను మీదుగా పోయే ప్రతి జట్కా నిలిచి, తన గుర్రం మూతికి కట్టే సంచిలోంచి ఒక పిడికెడు ఉలవలు మా కుండలో వేసి పోవాల. రేపు వాని గుర్రమూ ముసలిది అవుతాది గదా. ఎవరూ ఎగ్గొట్టలేదు. జట్కాలు తగ్గేకొద్దీ పిడికిళ్లు తగ్గినాయి, గుర్రాలు పెరిగినాయి. ఆ కష్టం వేరే.

కొత్తగా వచ్చిన గుర్రానికి మేము మొదట చేసే పని లాడాలు ఊడదీయడం. ఇంక నీకు రోడ్డు మీద పని లేదని దానికి చెప్పడం మాదిరి. ఆ ఏడు ఎండాకాలం ఆఖర్లో, పెండ్లి ఊరేగింపుల్లో తిప్పిన ముసలి గుర్రం ఒకటి వచ్చింది. బ్యాండు మోత వినపడితే చాలు, మెడ ఎత్తి అడుగులు వేసేది. దాన్ని పెండ్లికొడుకు అన్నాం. అప్పటికి కొట్టంలో మిగిలినవి దాంతో కలిపి మూడు. పెండ్లికొడుకు లాడం పీకుతాంటే తుప్పు మేకు ఒకటి నా బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ దిగింది. రక్తం పెద్దగా రాలేదు. బండివాళ్లం గాయానికి చేసేది ఒకటే: గుర్రం లద్దె వేడి చేసి గుడ్డలో పెట్టి కట్టడం. నొప్పి లాగేస్తాదని నాకు పని నేర్పినాయన చెప్పినాడు, ఆయనకు ఇంకెవరో చెప్పినారు. నేనూ కట్టుకున్నాను. పుండు పైకి మానింది. లోపల ఏం జరుగుతాందో నాకేం తెలుసు. వారం దాటినాక ఈ నోరు.

ఆ సాయంత్రం గౌరి నీళ్లు తాగి కొట్టం కాడికి వచ్చింది. మెడ విదిలిస్తే గంట గణగణ మోగింది. ఆ మోతకు నా వీపు విల్లు మాదిరి వంగింది. తల వెనక భాగం, మడమలు మాత్రం మంచానికి ఆనినాయి. ఊపిరి ఆడలేదు. కొంచెం సేపటికి విడిచింది. మళ్లీ గంట, మళ్లీ వంగడం. ఒక సంగతి చెప్పాల. నాకు తెలివి తప్పలేదు. ఈ జబ్బులో తెలివి తప్పదు. ప్రతిదీ తెలుస్తాంటాది, ఏదీ చెప్పలేము.

మా అన్నే కనిపెట్టినాడు. "ఆ గంట మోతకే రా వీనికి ఇట్లైతాంది" అని పరిగెత్తి పోయి గౌరి మెడలో గంట విప్పి, మళ్లీ మోగకుండా ఉలవల కుండలో పూడ్చిపెట్టినాడు. నా కోసమే తీసినాడు. ఇది మీరు మరిచిపోవద్దు.

గాలి సోకిందన్నారు కొందరు. వాతలు పెట్టమన్నారు ఇంకొందరు. ఉరుకుంద ఈరన్న సామికి మొక్కుకోమన్నారు. గంగమ్మ మొక్కుకొనింది. మొక్కుకుంటానే జట్కా కట్టించింది. జట్కా మా కుండలో పిడికెడు వేసి పోయే ఖాదర్‌ది. ఖాదర్ తన గుర్రం మెడ గంటలు, కాళ్ల గజ్జెలు అన్నీ విప్పి గంగమ్మ ఒళ్లో వేసి, "పట్టుకో వదినా, ఒక్కటి మోగినా నీ మొగుడు ఎగిరి కిందపడతాడు" అన్నాడు. లోపల మందంగా గడ్డి పరిచి, బండి ఎక్కకుండా గుర్రం పక్కనే నడుస్తా, ఆదోని దాకా కుదుపు లేకుండా తెచ్చినాడు. మా అన్న బండి వెనకనే నడిచినాడు. ఇప్పుడు బస్సులో గడియలో పోతారు. ఆ పొద్దు మేము ఆసుపత్రి చేరేసరికి మర్నాడు తెల్లారింది.

నన్ను వసారాలో బల్ల మీద పండబెట్టినారు. డాక్టరు నా మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తి చూసినాడు. తలతో పాటు నడుము కూడా కట్టె మాదిరి లేచింది. "లాక్‌జా. టెటనస్, ధనుర్వాతం" అన్నాడు. "గాయం ఎక్కడ? దాని మీద ఏం పెట్టారు?"

"మేకు దిగింది సార్. లద్దె ఏడి సేసి కట్టుకున్న్యాడు" అనింది గంగమ్మ.

"లద్దెనా! ఆ లద్దెలోనే ఉంటుందమ్మా ఈ క్రిమి. గుర్రాలు తిరిగే మట్టిలో ఉంటుంది."

"బతుకుతాడా సార్?" మా అన్న అడిగినాడు.

"ఇప్పుడే చెప్పలేను. డార్క్ రూములో పెట్టాలి. వెలుతురు తగలకూడదు, చప్పుడు కాకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు."

కిటికీలకు నల్ల కంబళ్లు కట్టిన గదిలో నన్ను పెట్టినారు. గంగమ్మ బయట డాక్టరు కాడే ఉండింది. మా అన్న చెప్పులు విడిచి, పిల్లి మాదిరి లోపలికి వచ్చినాడు.

ఇక్కడ నా మొహం సంగతి చెప్పాల. ఈ జబ్బుకు మొహం కూడా బిగుస్తాది. పెదాలు రెండు పక్కలకూ లాగుకపోయి, పండ్లు బయటపడి, కనుబొమలు పైకి లేస్తాయి. తెలియనివాళ్లు చూస్తే మనిషి నవ్వుతాండాడనే అనుకుంటారు. ఆసుపత్రిలో దానికి ఒక పేరుంది, నా నోరు తిరగదు.

మా అన్న నా చెవికాడ వంగి, గొంతు లేకుండా అన్నాడు: "నాగా, ఇనపడతాందా? నీకీ గతి పట్టించింది ఆ గుర్రాలేనంట. డాక్టరే సెప్పినాడు. నువ్వు బతికి ఇంటికొస్తే మళ్లీ వాటి మధ్యనే పండుకుంటావు. నేనుండగా అది కానీను. వాటిని తుంగభద్ర గట్టున విడిసి వస్తా. మంత్రాలయం పక్క గడ్డి ఉండాది, నీళ్లుండాయి. సావవు. నీ గుర్రాలు రా అవి. నువ్వు ఊ అంటేనే పోతా."

కాదన్నా అని అరవాలని చూసినాను. నాలుక పండ్ల వెనక చచ్చినట్టు పడి ఉండింది. తల ఆడించబోయినాను, మెడ రాయి. ఉన్న బలమంతా కూడగట్టి కాదు, కాదు అని ప్రయత్నం చేసినాను. ఆ ప్రయత్నానికి మొహం ఇంకా బిగిసింది. అంటే, ఇంకా నవ్వింది.

మా అన్న మొహం విప్పారింది. "నవ్వినావు. సాలు తమ్ముడా, సాలు" అని కండ్లు తుడుచుకొని పోయినాడు. తలుపు చప్పుడు కాకుండా జాగ్రత్తగా వేసినాడు. ఆ తలుపు సందులో వెలుతురు సన్నబడి పోతాంటే చూస్తా ఉండినాను.

అదే వేళకు బయట డాక్టరు గంగమ్మను అడుగుతాండాడంట: "ఇతనికి గుర్రాల దగ్గర తుమ్ములు, ఆయాసం వస్తాయా?"

"వాటి మధ్యనే పండుకుంటాడు సార్. ఏమీ రాదు."

"ఇప్పుడు ఇచ్చే సీరమ్, ఈ విషానికి విరుగుడు, గుర్రం రక్తం నుంచి తీసిందే. కొందరికి పడదు. ముందు టెస్ట్ డోస్ వేసి చూస్తాను. పడితే దీని మీదే ఆశ."

మా అన్న ఒక బీడీ కాలేంత సేపు ఆగి ఉంటే ఆ మాట వినేవాడు.

సీరమ్ పడింది. చేతికి, తర్వాత నడుములో ఇంజెక్షన్లు. ఒళ్లు విల్లు మాదిరి వంగే ఆ స్పాజమ్ రాకుండా నిద్రమందు. గాయం మళ్లీ కోసి కడిగినారు. ఆ గదిలో నన్ను చూసుకునే సిస్టరమ్మ గుంటూరు పక్క ఆమె. "నాగప్పగారూ" అని పిలిచింది. నన్ను గారు అన్న మొదటి మనిషి ఆమె. అదీ నేను బదులు చెప్పలేని కాలంలో. "మీకు అన్నీ వినపడుతున్నాయని నాకు తెలుసండీ. ఔనంటే ఒకసారి కళ్లు మూయండి, కాదంటే రెండుసార్లు. దాహంగా ఉందా?" నేను ఒకసారి మూసినాను. నాకు ఏడుపు వచ్చింది. ఈమె ఒక పూట ముందు వచ్చి ఉంటే!

ఆ తర్వాత ఆమె అన్నీ అడిగేది. నొప్పా, చలా, పక్కకు తిప్పాలా, మీ భార్యను పిలవాలా. గుర్రాలను గురించి ఎట్లా అడుగుతాది? ఆమెకు గుర్రాలున్నట్టే తెలీదు. అడగని ప్రశ్నకు ఎన్నిసార్లు కళ్లు మూస్తే ఏం లాభం.

నా ముందరి పన్ను ఒకటి ఎప్పుడో ఒక పొగరు గుర్రం తన్ని ఊడగొట్టింది. ఆ సందులోంచే గంగమ్మ ఉగ్గుగిన్నెతో జొన్న గంజి, పాలు చుక్క చుక్కగా పోసేది. "నీ పన్ను రాలగొట్టిన గుర్రానికి దండం పెట్టుకో" అన్నాడు డాక్టరు. గంగమ్మ నవ్వింది. నేను ఎట్లాగూ నవ్వుతానే ఉంటిని. ఒకసారి ఆమె నా చెవిలో, "గుర్రాలు బాగుండాయి మామా, బావ సూసుకుంటాండాడు" అనింది. రోగి మనసు కలత పడకూడదని డాక్టరు చెప్పినందుకు అట్లా అనిందని తర్వాత తెలిసింది. నేను నమ్మినాను. మా అన్న మనసు మార్చుకున్నాడనుకొని, ఆ నమ్మకం మీదే కొన్నాళ్లు బతికినాను.

దవడ కొంచెం వదులవుతాందనగా ఇంకో దెబ్బ. ఒళ్లంతా దద్దుర్లు, కీళ్ల వాపులు, జ్వరం. గంగమ్మ భయపడి పోయింది. డాక్టరు మాత్రం, "సీరమ్ సిక్‌నెస్. గుర్రం రక్తం ఒంట్లో పడినందుకు ఒళ్లు చేసే గొడవ ఇది. తగ్గిపోతుంది" అన్నాడు. నాకు అప్పుడే తెలిసింది, నన్ను బతికించింది ఏదో. మద్రాసు పక్క యాడనో గుర్రాలను ఇందుకోసమే పెంచుతారంట. వాటికి ఈ విషాన్ని కొంచెం కొంచెంగా ఎక్కించి, తర్వాత వాటి రక్తం తీస్తారంట.

నా నోరు తెరుచుకున్నాక నేను మాట్లాడిన మొదటి మాట డాక్టరుతోనే. మాట ముద్దగా వచ్చింది. "ఆ గుర్రాలు ముసలివైతే యాడ పెడతారు సార్?"

ఆయన చేతిలో పని ఆపి నన్ను చూసినాడు. "తెలియదు నాగప్పా. ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి శ్రావణం. దారంతా ఉరుకుంద జాతరకు పోయే జనం. జట్కా దిగినాను. కట్టె మీద ఆనుకొని నేరుగా కొట్టం కాడికి పోయినాను. ఊడ్చి, సున్నం కొట్టి, శుభ్రంగా ఉండింది. లద్దె వాసన కూడా లేదు. మా అన్నే సున్నం కొట్టినాడు, నాకు మళ్లీ జబ్బు రాకూడదని.

"గుర్రాలేవి అన్నా?"

"ఏటి గట్టున విడిసి వస్తినే. నీకు సెప్పే పోతిని గదరా. నువ్వే నవ్వితివి."

"అది నవ్వు కాదన్నా. జబ్బు."

మా అన్నకు అర్థమైంది. కొట్టం గోడకు ఆనుకొని అట్లే కిందికి జారి కూచున్నాడు. సున్నమంతా వీపుకు అంటింది. "మూడింటినీ ఒక తాడుకు కట్టి తీసుకపోతి" అన్నాడు. "గడ్డి మంచిగుండాది రా. సూసే విడిస్తి. తాడు విప్పేసి వస్తి."

"గౌరి మెడకు గంట కట్టినావా?"

ఆయన లేచి పోయి ఉలవల కుండలో చెయ్యి పెట్టినాడు. గంట పైకి తీసినాడు. ఉలవలు రాలతాంటే అది కొంచెం మోగింది. నా ఒళ్లు వంగలేదు. జబ్బు పూర్తిగా పోయిందని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు ఖాదర్ జట్కాలో ముగ్గురం ఏటి గట్టుకు పోయినాం. నేను నడవలేను. మా అన్న గంట పట్టుకొని మోగిస్తా గట్టు వెంబడి నడిచినాడు. నది ఎర్రగా, నిండుగా పారతాండింది. చాలా దూరం పోయినాక తుమ్మచెట్ల నడుమ నుంచి గౌరి కుంటుకుంటా వచ్చింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. దాని వెనక పెండ్లికొడుకు. మా అన్న గౌరి మెడ కావలించుకొని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. మళ్లీ గంట మోగించుకుంటా పోయినాడు. ఇంకేదీ రాలేదు.

ఏరు దాటించే పుట్టి నడిపే ముసలాయన ఒకడు వల బాగుచేసుకుంటా మమ్మల్ని చూస్తాండాడు. "నల్ల గుర్రం గురించేనా?" అన్నాడు.

"యాడుండాదప్పా?" ఖాదర్ అడిగినాడు.

"గుడ్డిది గదా పాపం. గుంపు యాడుండేదీ దానికి తెలీలేదు. ఈ గట్టునే సెవులు నిక్కబొడుసుకొని నిలబడేది. గడ్డి కాళ్ల కింద ఉండాది, తినేదే కాదు. ఒక పొద్దు అవతలి గట్టున, నైజాము పక్క, ఎద్దులను నీళ్లకు తోలుకొచ్చినారు. వాటి గంటలు మోగినాయి. ఎవరో పేరు పెట్టి పిలిసినట్టు తల ఎత్తింది సామీ. అట్లే నడిసి నీళ్లలోకి పోయింది. నేను కేకలేస్తి. ఏరు అప్పుడే పెరుగుతాండాది."

మా అన్న చేతిలో గంట నాలుకను వేలితో గట్టిగా పట్టుకున్నాడు. ఇంటికి వచ్చే దాకా విడువలేదు.

నేను ఆయన్ను ఒక మాట అనలేదు. ఏమనేది? ఆయన చేసిన ప్రతి పనీ నా ప్రాణం కోసమే. అనలేదనే గానీ, దాన్ని గురించి మాట్లాడనూ లేదు. అదే ఇప్పుడు నన్ను పీకేది. ఒకటి రెండేండ్లకే యుద్ధం వచ్చింది, పెట్రోలు దొరక్క బస్సులు తగ్గినాయి, జట్కాలు మళ్లీ రోడ్డెక్కినాయి. మా కుండలో పిడికిళ్లు మళ్లీ నిండినాయి. గౌరి, పెండ్లికొడుకు మా కొట్టంలోనే తిని, మా కొట్టంలోనే పోయినాయి. వాటి తర్వాత వచ్చినవాటికి లాడాలు ఊడదీసే పని మా అన్న నన్ను చేయనిచ్చేవాడు కాదు. చేతికి తోలు చుట్టుకొని ఆయనే పీకేవాడు.

మా అన్నకు ఆఖర్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. సిస్టరమ్మ నేర్పినట్టు ఆయనకు కండ్ల పద్ధతి చెప్పినాను. అన్నీ అడిగినాక, ఇంకేదో ఉన్నట్టు చూస్తా ఉండినాడు. "కరియ సంగతా అన్నా?" అన్నాను. ఒకసారి మూసినాడు. "నాకు నీ మీద కోపం లేదన్నా" అన్నాను. అన్నేండ్లకు ఆ మాట నోట్లోంచి వచ్చింది. నా నోరు ఆసుపత్రిలో కొన్ని వారాలే పడింది. ఇంట్లో మాత్రం చాలా ఏండ్లు పడి ఉండింది.

ఇప్పుడు నాకు బొటనవేలు సరిగ్గా వంగదు. వాన పట్టే ముందు దవడ లాగుతాది. కొట్టంలో ఒకే గుర్రం ఉంది. బ్యాండువాళ్లు విడిచింది. దాని మెడలో గౌరి గంట. గంగమ్మ, "నీకూ దానికీ కలిపి పండ్లు లెక్కపెట్టినా ఒక నోరు నిండదు మామా" అంటాది.

గాయానికి లద్దె కట్టొద్దని, ఇంజెక్షన్ వేయించుకోమని ఇప్పుడు డాక్టర్లే చెప్తాండారు, వినండి. వాళ్లు చెప్పనిది నేను ఒకటి చెప్తాను. మీ ఇంట్లో మనిషికి నోరు పడిపోతే, వాని మొహం చూసి వాని మాట మీరే అల్లుకోవద్దండి. ముందు కండ్లతో ఔను, కాదు చెప్పే పద్ధతి ఏర్పాటు చేసుకోండి. తర్వాత అడగండి. దాహమా, నొప్పా అని ఊరుకోవద్దండి. వాడు దేన్ని సాకుతా బతికినాడో, దాన్ని గురించి అడగండి. బదులు వచ్చేదాకా ఆ మంచం కాడ నుంచి కదలొద్దండి.

నన్ను అడిగి ఉంటే రెండుసార్లు మూసేవాణ్ణి.